ఇదా, ఇంతకుముందుదా

కాలేజీలో చెప్పాలని సిద్ధం చేసుకొచ్చిన జవాబులన్నీ ఆమె దగ్గరే మిగిలిపోయాయి. షాపులో కళ్ళజోళ్ళు తుడుస్తూ, ఇంట్లో గిన్నెలు సర్దుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కొక్కటే పేర్చుకున్న జవాబులు. మా అమ్మాయి పైకి మాట్లాడదుగానీ బుర్రలో అన్నీ ఉంటాయి సిస్టర్. సైన్సంటే ప్రాణం సిస్టర్, చిన్నప్పుడు ఐసు ముక్క ఎందుకు తేలుతుందో చూస్తానని మంచినీళ్ళ గ్లాసు ముందు పొద్దంతా కూర్చునేది సిస్టర్. అది పొగరు కాదు సిస్టర్, మొహమాటం. ఇలా ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబెట్టుకుని వస్తే, ఆ కెమిస్ట్రీ సిస్టర్ గుమ్మంలోంచి తొంగిచూసి, "అమ్మాయిని కాసేపు నాతో పంపిస్తారా?" అనడం, పిల్ల లేచి వెళ్ళడం, తలుపు మూసుకోవడం, అంతా ఆమె బ్యాగు జిప్పు వేసుకునేలోపే అయిపోయింది. నన్ను రమ్మనలేదే అనుకుంది. తల్లిని బయట కూర్చోబెట్టి పిల్లతో ఏం మాట్లాడతారు? అసలు పిల్ల ఏం మాట్లాడుతుంది? ఊ అంటుంది, ఊహూ అంటుంది, మరీ గుచ్చి అడిగితే ఏమో అంటుంది. ఈ మూడు ముక్కలతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చిన పిల్ల. మిగతాదంతా తల్లే పూరించింది. డాక్టరు దగ్గర ఎక్కడ నొప్పో ఆమే చెప్పింది, చుట్టాల దగ్గర ఏం చదువుతోందో ఆమే చెప్పింది, బట్టల కొట్లో ఆ రంగు ఎందుకు వద్దో కూడా ఆమే చెప్పింది. ఇప్పుడు చెప్పే పని లేక నోరు ఖాళీగా ఉండేసరికి, చేతులకి ఏదో ఒక పని ఇవ్వాలని బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసింది.

గది చిన్నది. ఒక పొడుగు బెంచీ, గోడకి ఒక శిలువ, కిటికీలో ఒక మొక్క, ఆ ఆకుల మీద ఎవరో ఇప్పుడే తడిగుడ్డతో తుడిచిన మెరుపు. నేలని ఎంత తుడిచారంటే బెంచీ కాళ్ళు నీళ్ళలో నిలబడ్డట్టు కనిపిస్తున్నాయి. గుమ్మం దగ్గర బల్ల వెనక ఒక పెద్దావిడ, ఆవిడా సిస్టరే, లైబ్రరీ పుస్తకాలకి గోధుమరంగు కాగితంతో అట్టలు వేస్తోంది. మూల మడిచి, గోటితో గీరి, తిప్పి, ఇంకో మూల. ఆ గోటి చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. కాదు, ఇంకొకటి ఉంది. బెంచీ వెనక గోడకి అవతలే ల్యాబు. గోడలోంచి కెమిస్ట్రీ సిస్టర్ గొంతు వస్తోంది, మాటలుగా కాదు, నీళ్ళలో మునిగి విన్నట్టు మెత్తటి రొదగా. కాసేపు వస్తుంది, ఆగుతుంది. మళ్ళీ వస్తుంది, ఆగుతుంది. పిల్ల గొంతు మాత్రం రాదు. దాని గొంతు ఇంట్లో పక్క గదిలోకే రాదు, ఇంత లావు గోడలోంచి ఏం వస్తుంది. ఆమెకి ముందు నవ్వొచ్చింది, ఇదేదో ఆడపడుచు ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చున్నట్టుంది, ఈవైపు మాటలే వినిపించి ఆవైపు వాళ్ళు ఏమన్నారో మన ఊహకి వదిలేసినట్టు. అంతలోనే నవ్వు ఆగింది. ఆ ఆగడాలు. సిస్టర్ గొంతు ఆగి మళ్ళీ మొదలయ్యే మధ్యలో ఉన్న ఖాళీ. ఊ అనడానికి అంత ఖాళీ అక్కర్లేదు. ఊహూకీ అక్కర్లేదు. ఏమో అయితే కాస్త ఎక్కువ పడుతుంది, భుజాలు కూడా ఎగరేస్తుంది కాబట్టి. కానీ ఇది అంతకన్నా పొడుగ్గా ఉంది. మరి ఆ ఖాళీలో ఏముంది? తల వంచుకుని చేతి గోళ్ళు చూసుకుంటోందా? సిస్టర్ పాపం ఓపిగ్గా ఎదురుచూస్తోందా? లేక ఇద్దరూ కలిసి ఏదన్నా చూస్తున్నారా?

సిస్టర్ ముఖం ఎలా ఉందో చెప్పమంటే ఆమె చెప్పలేదు, కళ్ళజోడయితే చెప్పగలదు. అది ఆమెకి పనితో పట్టిన అలవాటు, మనుషుల ముఖాలకంటే ముందు ముక్కు మీద ఏముందో చూడడం. కుడి కాడ దగ్గర మర వదులైంది, అందుకని జోడంతా ఒకపక్కకి వాలి ముక్కు మీదనుంచి జారుతోంది. పైగా బైఫోకల్, అద్దం మధ్యలో గీత ఉన్న పాతరకం, దూరానికి పైభాగం, దగ్గరికి కింది భాగం. అది కిందికి జారితే దగ్గరవి చూడ్డానికి గడ్డం ఎత్తాలి. గుమ్మంలోంచి వీళ్ళని చూసినప్పుడు కూడా సిస్టర్ అలాగే గడ్డం ఎత్తింది. తెలియనివాళ్ళు చూస్తే ఎంత గర్వమో అనుకుంటారు. చిన్న మర వదులైతే మనిషికి లేని గర్వం వచ్చిపడుతుంది. మా పిల్లకి ఏ మర వదులైందో, అందరూ దాన్నీ అలాగే అనుకుంటారు, పలకరిస్తే పలకదేమిటీ, అంత గొప్పేమిటీ అని. బ్యాగులో చిన్న స్క్రూడ్రైవర్ ఉంది, ఎప్పుడూ ఉంటుంది, పెళ్ళికెళ్ళినా ఆసుపత్రికెళ్ళినా ఉంటుంది. సిస్టర్ని ఆపి ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి అంటే బావుండేదా? మొదటిసారి వచ్చి, కాలేజీ చూడ్డానికి వచ్చి, వాళ్ళ కళ్ళజోడులో లోపం చూపించడం ఏం మర్యాద. ఊరుకుంది. కానీ వేళ్ళు ఊరుకోలేదు, ఇంకా దురదపెడుతూనే ఉన్నాయి.

మర అంటే గుర్తొచ్చాడు మొగుడు. ఈపాటికి ఆ పెద్ద కాలేజీలో నిలబడి ఉంటాడు. లిఫ్టు మెకానిక్కు అతను, ఆ కాలేజీలో లిఫ్టులన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయి, అందుకని అక్కడి ఆఫీసువాళ్ళు మాటమీద సీటు ఆపారు, ఇవాళ మధ్యాహ్నం దాకా. నువ్వు ఔనంటే ఔను, కాదంటే కాదు, కానీ ఏదో ఒకటి ఇవాళ తేల్చి ఫోను చెయ్యి అన్నాడు పొద్దున బూట్లు వేసుకుంటూ. అతని లెక్కలో లిఫ్టు లేని భవనం భవనం కాదు, మేడ మీద మేడ. ఈ కాలేజీకి లిఫ్టు లేదని తెలిసినప్పుడు అతని ముఖంలో కనిపించిన జాలి చూడాలి. రెండంతస్తులా, అంతేనా, దాన్ని కాలేజీ అంటారా అన్నాడు. అంతస్తులకీ చదువుకీ సంబంధం ఏమిటండీ అని ఆమె అంటే, పైకి పోవడం అంటూ ఉంటే అంతస్తులుండాలి కదే అని తనే నవ్వాడు. మంచివాడే. పిల్ల అంటే పంచప్రాణాలు. కాకపోతే పెద్దది అంటే గట్టిది అని అతని నమ్మకం, బరువు మోసే తాళ్ళతో పనిచేసేవాడికి ఆ నమ్మకం ఉండడంలో తప్పేం లేదు.

కిందటి వారం ఆ పెద్ద కాలేజీ చూడ్డానికి ముగ్గురూ వెళ్ళారు. ఎన్ని తలుపులు, ఎంతమంది జనం, ఒక్కో క్లాసులో మేష్టారు మైకు పట్టుకుని చెప్తున్నాడు, వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్ళకి ఆయన అగ్గిపుల్లంత. అప్పుడే ఆమె అనుకుంది, ఇందులో మా పిల్ల చీమలా తప్పిపోతుంది అని. పిల్లవైపు చూసింది. పిల్ల ముఖం మాత్రం తేలిగ్గా ఉంది. అవును, తేలిగ్గా ఉంది, ఇప్పుడు గుర్తొస్తోంది. లిఫ్టులో అంతమంది మధ్య ఒక మూల నిలబడి, తండ్రి చూపించే కప్పీల కబుర్లు వింటూ, కొంచెం నవ్వింది కూడా. ఎందుకు నవ్వింది? లిఫ్టు చూసి నవ్విందనుకుంది ఆమె. తండ్రి కోసం నవ్విందనుకుంది. ఆ సంగతి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాక ఈ చిన్న కాలేజీ పాట అందుకుంది.

ఈ పాట మొదలైంది షాపులో. ఈ కాలేజీలో చదివే అమ్మాయిలు ఇద్దరు విరిగిన కళ్ళజోడు పట్టుకొచ్చారు, ఒకమ్మాయి జోడు మీద రెండో అమ్మాయి కూర్చుందట. తప్పు ఎవరిదని కొట్టుకుంటారేమో అనుకుంటే, ఇద్దరూ అద్దాన్ని వెలుతురుకి పట్టి, బీట అంచునుంచి మధ్యకి వచ్చిందా మధ్యనుంచి అంచుకి వెళ్ళిందా అని కొట్టుకున్నారు. కొత్త అద్దం బిగించి ఇచ్చినా పాత ముక్క కావాలని అడిగి తీసుకెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక ఆమె చాలాసేపు గుమ్మంవైపు చూసింది. మా పిల్ల పక్కన ఇలాంటి పిల్లొకతె ఉంటే. ఆ ఒక్క కోరికే కాలేజీ అయి కూర్చుంది. కేథలిక్ సిస్టర్లు నడిపేది, చిన్నది, పాతది, ప్రశాంతంగా ఉంటుంది. ప్రశాంతంగా ఉంటుంది అన్న మాట ఇంట్లో ఎన్నిసార్లు అందో. మాట్లాడని పిల్లకి గోల లేని చోటు. అంతకంటే ఇంకేం కావాలి అనుకుంది.

ఆడపడుచుకి ఇదంతా పెద్ద వేడుక. ఆవిడ పిల్లకి పెట్టిన పేరు మునీశ్వరి. మునీశ్వరిని సిస్టర్ల దగ్గర వేస్తావా, ఇంకేం, తపస్సుకి పీట కూడా వేసినట్టే, చదువు పూర్తయ్యాక వాళ్ళు తిరిగి ఇస్తారనుకోకు అంది. మనం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు కదా వదినా, పిల్లల్ని పట్టుకుపోతారా ఏమిటి అంటే, పట్టుకుపోరు, ఇదే వాళ్ళని వదలదు, మాట్లాడాల్సిన అవసరం లేని ఉద్యోగం కదా అంది. పిల్ల అక్కడే కూర్చుని వింది. ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆమెకి ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే ఆ మాట అంత వేళాకోళంగా అనిపించడం లేదు, వింతగా అనిపిస్తోంది. మాట్లాడాల్సిన అవసరం లేదా నిజంగా? అట్టలు వేసే ఈ పెద్దావిడ ఎన్నేళ్ళ వయసులో ఇటు వచ్చి ఉంటుంది? ఆవిడ తల్లి కూడా ఎప్పుడో ఒక రోజు ఇలాగే ఒక బెంచీ మీద కూర్చుని బ్యాగు జిప్పు తీసి వేసి ఉంటుందా? ఆ కెమిస్ట్రీ సిస్టర్ సంగతేమిటి? పొద్దున ప్రార్థన చేసి, ఆ మోకాళ్ళతోనే లేచి వచ్చి ఆమ్లాలూ క్షారాలూ కలుపుతుందా? ఒకచోట చూడకుండా నమ్మాలి, ఇంకోచోట చూస్తేగాని నమ్మకూడదు. ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు మనసులో ఏదన్నా మార్చుకుంటారా, బైఫోకల్లో పైనుంచి కిందికి చూపు దించినట్టు? అడగాలని ఉంది. అడిగే ధైర్యం లేదు. పిల్లయితే అడుగుతుందా? ఛ, అది ఎక్కడ అడుగుతుంది. అనుకుంటూనే చెవి మళ్ళీ గోడవైపు పెట్టింది. రొద. ఖాళీ. పొడుగాటి ఖాళీ. రొద.

ఒకప్పుడు అడిగింది. అడగడం కాదు, చెప్పింది. తొమ్మిదేళ్ళప్పుడు, బడి సెలవుల్లో ఇంట్లో ఒక్కతినీ వదల్లేక షాపుకి తీసుకెళ్ళేది. వెనక చీకటిగదిలో ఆమె సైటు చూస్తుంటే పిల్ల మూలన స్టూలు మీద కూర్చునేది, అక్కడ ఒక పిల్ల ఉందని కూడా తెలిసేది కాదు. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, అద్దం తీసి అద్దం వేసి, ఇంతకుముందుది బాగుందా, ఇది బాగుందా అని అడగడం ఆమె పని. పొద్దస్తమానం అదే మాట. ఒకరోజు షాపు కట్టేస్తుంటే పిల్ల, ఆ ఏడాదంతటికీ అదే పొడుగాటి మాటేమో, "అమ్మా, ఇది బాగుందా అన్నప్పుడు నీ గొంతు పైకి వెళ్తుంది. అందుకే అందరూ ఇదే బాగుందంటున్నారు" అంది. ఆమె నవ్వేసింది. పోవే, వాళ్ళకి కనిపించేది వాళ్ళు చెప్తారు, నా గొంతుతో పనేంటి అంది. పిల్ల వాదించలేదు. అయితే రెండుసార్లూ ఒకే అద్దం పెట్టి అడుగు అంది, అంతే. మర్నాడు సరదాకి అలాగే చేసింది. అదే అద్దం తీసి, గుడ్డతో తుడిచినట్టు చేసి, అదే మళ్ళీ వేసి, ఇంతకుముందుది బాగుందా, ఇది బాగుందా. ఇదే బాగుందన్నారు. తర్వాత వచ్చినాయనా ఇదే బాగుందన్నాడు. ఒకావిడయితే, ఇప్పుడు చూడండి ఎంత తేటగా ఉందో, ఇందాక అంతా మసక అంది. ఒకే అద్దం. ఇన్నాళ్ళూ నేను చూసింది వాళ్ళ కళ్ళనా, నా గొంతునా? ఆ రోజునుంచి ఆమె అడిగే తీరు మారిపోయింది. గొంతు ఎత్తకుండా, దించకుండా, గోడకి చెప్పినట్టు అడుగుతుంది, ఒకసారి అడిగాక వరస తిరగేసి మళ్ళీ అడుగుతుంది. రైలొస్తోందని మైకులో చెప్పినట్టు అడుగుతావేమిటమ్మా అని షాపు యజమాని ఇప్పటికీ ఏడిపిస్తాడు.

అలాంటి ఆమె, షాపులో అంత జాగ్రత్తగా ఉండే ఆమె, ఇంట్లో ఏం చేసింది? ఆమె వెన్ను ఒక్కసారి బెంచీ మీద నిటారుగా అయింది. ఆ పెద్ద కాలేజీ సరే, ఈ చిన్న కాలేజీ ఒకసారి చూద్దామా తల్లీ, ప్రశాంతంగా ఉంటుందట. ఆ మాట అన్నప్పుడు తన గొంతు ఎలా ఉందో ఇప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. పైకి వెళ్ళిందా? మేడెక్కింది. పిల్ల ఊ అంది. ఆ ఊ పట్టుకుని మొగుడితో వాదించింది, ఆడపడుచు నోరు మూయించింది, షాపుకి సెలవు పెట్టింది, ఇంత దూరం వచ్చింది. అది ఏ ఊ? కనిపించి అన్న ఊనా, ఒకే అద్దానికి రెండుసార్లు అన్న ఊనా? అమ్మ గొంతు పైకి వెళ్తుందని తొమ్మిదేళ్ళకే కనిపెట్టిన పిల్ల, పదిహేడేళ్ళకి అది వినిపించినా పోనీలే అమ్మకి ఇదే ఇష్టం అని ఊ అనదా?

బ్యాగులో ఫోను గురగురమంది. మొగుడు. అట్టల సిస్టర్ తలెత్తకుండానే పర్వాలేదు మాట్లాడండి అన్నట్టు చేయి ఊపింది. "ఏమంటోంది?" అన్నాడు, వెనక లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు. ఏమీ అనడం లేదు, లోపలుంది, ల్యాబులో అంది. ఒక్కతేనా అన్నాడు. సిస్టర్తో అంది. "నువ్వు లేకుండా మాట్లాడుతోందా?" అన్నాడు. అదే ఆమెకీ తెలీదు. ఇక్కడివాళ్ళు ఎంతసేపు ఆపుతారో, నువ్వే అడిగి తేల్చుకో, నేను ఎటూ వెళ్ళను అని పెట్టేశాడు. అడిగి తేల్చుకో. ఎలా అడగాలో తెలిస్తే ఇంకేం.

ఊరికే ఉండలేక అట్టల సిస్టర్నే కదిపింది. ఇక్కడ పిల్లలు అల్లరి చెయ్యరా సిస్టర్, ఎంత ప్రశాంతంగా ఉందో అంది. పెద్దావిడ గోరు కాగితం మీద ఆపి నవ్వింది. ఇవాళ పరీక్షలమ్మా, అందుకని, మామూలు రోజు వస్తే మీ చెవులకి దూది కావాలి అంది. మా అమ్మాయి అసలు మాట్లాడదు సిస్టర్ అంది ఆమె, వరసలో నిలబడ్డ జవాబుల్లో మొదటిది దానంతటదే జారిపోయింది. మాట్లాడకపోవడం ఇక్కడ కొంచెం కష్టమేనమ్మా అంది పెద్దావిడ, జాలిగా కాదు, వాన వచ్చేలా ఉందన్నట్టు. "క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. దాక్కోవాలంటే ముందు ఎవరో ఒకరు అడ్డుండాలి కదా. ఇక్కడ అందరూ అందరికీ కనిపిస్తారు."

ఆమెకి లిఫ్టులో పిల్ల ముఖం కళ్ళముందు కదిలింది. తేలిగ్గా ఉన్న ముఖం. అందుకా నవ్వింది? అంతమంది మధ్య ఎవరూ చూడరని, మైకు పట్టుకున్న మేష్టారికి వెనక బెంచీ కనబడదని, అక్కడ ఊ అన్నా ఊహూ అన్నా అడిగేవాడు లేడనీ? ఎంత తిరకాసు. పిల్లని దాచిపెడదామని వెతికి వెతికి, దాక్కోవడానికి చోటే లేని కాలేజీకి తీసుకొచ్చింది. ఎనిమిదో క్లాసులో లెక్కల మేష్టారు బోర్డు మీద ఏదో తప్పు వేశాడట, పిల్ల లేచి చెప్పిందట. ఆహా, మాకు కొత్త మేష్టారు దొరికారర్రా, వచ్చి ఈ సుద్దముక్క మీరే పుచ్చుకోండి అన్నాడట, క్లాసంతా గొల్లుమందట. ఈ సంగతి కూడా పిల్ల చెప్పలేదు, క్లాసు పిల్ల తల్లి కళ్ళజోడు కోసం వచ్చి చెప్పింది. అప్పటిదాకా పొదుపుగా మాట్లాడే పిల్ల ఆ తర్వాత మూడు ముక్కలకి దిగింది. వెనక బెంచీ అంటే దానికి గోడ చాటు. ఆ చాటుకి వెళ్దామనుకున్న దాన్ని చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కొచ్చానా? లాక్కురావాలా, వదిలెయ్యాలా? ఇంత ఆలోచన వచ్చేసరికి ఆమెకి భయం కంటే ముందు ఒక ఆత్రం పుట్టింది, పిల్లకి నిజంగా ఏది కావాలో తనకి తెలీదు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ తెలీదు, తెలుసుకోవాలి.

గంట మోగింది. ఎక్కడో పైన, నిదానంగా. అట్టల సిస్టర్ కత్తెర కింద పెట్టి లేచి నిలబడి కళ్ళు మూసుకుంది. తను కూర్చుని ఉండడం బావుండదేమోనని ఆమె కూడా లేచింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బ్యాగు పట్టుకుంది. గోడ అవతల గొంతు మాట మధ్యలో ఆగింది. ఇది వేరే రకం ఖాళీ, ఎవరి వంతూ కానిది. పిల్ల ఏం చేస్తోంది? తల వంచుకుందా, కిటికీలోంచి చూస్తోందా? గంట ఆగింది. పెద్దావిడ కూర్చుని కత్తెర అందుకుంది. గోడ అవతల సిస్టర్ గొంతు ఇంకా రాలేదు. రావాలి కదా ఈపాటికి. రాలేదు. ఖాళీ సాగింది, సాగింది, ఆమె బెంచీ మీద కూర్చుని వెనక్కి వాలి చెవి పూర్తిగా గోడకి ఆనించేసింది, అట్టల సిస్టర్ చూస్తే చూడనీ అనుకుంది. అప్పుడు చిన్న రొద, వెంటనే నవ్వు. సిస్టర్ నవ్వు, గోడ అడ్డం లేనట్టు, గాజుసామాను అదిరేలా.

తలుపు తెరుచుకుని పిల్ల వచ్చింది. చొక్కా చెయ్యి మోచేతిదాకా తడిసి ఉంది. సిస్టర్ సామాను కడిగి వస్తారట అని బెంచీ మీద పక్కన కూర్చుంది. తల్లి ఏమీ అడగలేదు. పళ్ళు బిగబట్టి అడగలేదు.

"ఆవిడ తప్పు చదివారమ్మా" అంది పిల్ల.

గీతలున్న పొడుగాటి గాజు గొట్టం, బ్యూరెట్టు, అందులో నీరు ఏ గీత దగ్గరుందో కన్ను దానికి సమంగా పెట్టి చూడాలి. సిస్టర్ కళ్ళజోడు జారిపోయి ఉంది, కింది అద్దంలోంచి చూడాలని గడ్డం ఎత్తి, మునివేళ్ళ మీద లేచి చూశారు, పైనుంచి చూస్తే తక్కువ కనిపిస్తుంది. ఇదంతా పిల్ల చెప్తూనే ఉంది, చేత్తో గాల్లో గొట్టం నిలబెట్టి, దాని పక్కన కన్ను ఎక్కడుండాలో రెండో చేత్తో చూపిస్తూ. తల్లికి సగం మాటలే చెవిలో పడ్డాయి, మిగతా సగం ఇది చెప్తోంది, ఇదే చెప్తోంది అనుకోవడంలో పోయాయి.

"నువ్వు ఆవిడతో అన్నావా?"

"అన్నాను. జోడు పైకి తోసుకుని మళ్ళీ చూశారు. అవును, నేను తప్పు చదివాను అన్నారు. ఆవిడ రాసింది కొట్టేసి నాది రాశారు." "తర్వాత నవ్వారు. పొద్దున్నుంచీ అలా చదివిన అంకెల మీదే లెక్కలు వేసుకుంటున్నారట" అంది.

"మరి గంట మోగినప్పుడు?"

"గొట్టం ట్యాపు కట్టేసి ప్రార్థన చేసుకున్నారు. నేను ట్యాపు చూస్తూ కూర్చున్నాను. కట్టేసినా కారుతోంది. ప్రార్థన అయ్యాక చెప్పాను."

అడిగితే ఇప్పుడే అడగాలి. ఆమె గోడ మీద ఒక చోటు చూసుకుంది, శిలువకి కొంచెం పక్కన, సున్నం కాస్త ఉబ్బిన చోటు, షాపులోని అక్షరాల చార్టు అక్కడుందనుకుంది. గొంతు ఎత్తకూడదు, దించకూడదు. ఇన్నేళ్ళ పని, ఎంతమంది కళ్ళు. "ఇదా, అదా" అంది. నిజానికి ఏది కావాలని తను కోరుకుంటోందో తనకే తెలియని స్థితిలో అడిగింది, అంతకంటే సమంగా ఎవరూ అడగలేరు.

"నీ గొంతు పైకి వెళ్ళిందమ్మా" అంది పిల్ల.

"దేనికి?"

"రెండింటికీ."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పిల్ల నవ్వు ఆపుకుని, "నువ్వు అడక్కు. నేనే చెప్తాను" అంది. చెప్పేలోపే కెమిస్ట్రీ సిస్టర్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది, గడ్డం ఎత్తి తల్లివైపు చూసి, "ఏమనుకున్నారమ్మా?" అంది.

వరసలో నిలబడ్డ జవాబులన్నీ ఒక్కసారి నాలుక చివరికి తోసుకొచ్చాయి. మా అమ్మాయి. మా అమ్మాయికి. నోరు తెరిచేసింది కూడా. తెరిచిన నోటితో ఇంకేం అనాలో తోచక, "మీ కళ్ళజోడు ఒక్క నిమిషం ఇస్తారా సిస్టర్, మర వదులైంది" అంది. సిస్టర్ ఆశ్చర్యపోయి తీసిచ్చింది. ఆమె కిటికీ వెలుతురులోకి తిరిగి, బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, తల వంచి పనిలో దూరిపోయింది. కళ్ళజోడు లేని సిస్టర్, ఎదురుగా ఉన్న మసకవైపు ముఖం తిప్పి నిలబడింది. అట్టల సిస్టర్ గోరు ఆగింది. ఖాళీ వచ్చింది. ఈసారి మధ్యలో గోడ లేదు.

"ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందని మా అమ్మ తీసుకొచ్చింది సిస్టర్" అంది పిల్ల గొంతు. చిన్న గొంతే, కానీ తిన్నగా వచ్చింది. "ప్రశాంతంగా ఏం లేదు. మీరు అడుగుతూనే ఉన్నారు. ఆ కాలేజీలో ఎవరూ ఏమీ అడగరు. నాకు అదే నచ్చింది."

స్క్రూడ్రైవర్ కొన గాడిలోంచి జారింది. తల్లి మళ్ళీ పెట్టింది. తలెత్తలేదు. ఆ గొట్టం ట్యాపుకి వాసెలిన్ రాస్తే కారదు అంటోంది పిల్ల, ఇంట్లో ఉంది, తెస్తాను, కానీ ఎక్కువ రాస్తే రంధ్రం పూడుకుపోతుందా అని ఒక అనుమానం, మీరు ఎప్పుడన్నా రాసి చూశారా అంటోంది. నాకు తెలీదు అంటోంది సిస్టర్, మేం ఎప్పుడూ కొత్తది తెప్పించమని అడగడమే గాని. "అయితే చేరాక ముందు అది చూద్దాం సిస్టర్" అంది పిల్ల. "ఇక్కడే చేరతాను."

బ్యాగులో ఫోను గురగురమంటోంది. మర ఎప్పుడో బిగిసిపోయింది. వాళ్ళ మాటలు ఇంకా అవలేదు కదా అని తల్లి కిటికీవైపు తిరిగి, తిరగని మరని తిప్పుతున్నట్టే నిలబడింది.